ఆరో రింగు

మోడెమ్‌ను పలకరించాలంటే
ముందు ఏ, టీ అని రెండక్షరాలు కొట్టాలి.
మా వైపు ఎవరినైనా ఏందబ్బా అంటాం.
ఇదొక్కటే ఉత్తరాంధ్ర చుట్టంలా
ఏటీ అంటే గాని తలెత్తదు.
తలెత్తి, ఓకే అంటుంది.
అంతకు మించి ముచ్చట్లుండవు.

కందుకూరు సబ్‌స్టేషన్‌లో, రిలే గది మూల,
నిరుటి క్యాలెండరు కింద కూర్చున్న కన్సోల్ పెట్టెకు
నేను నేర్పినవి ఇవీ:
వేగం తొమ్మిదివేల ఆరువందలు.
ఎనిమిది బిట్లు, పారిటీ లేదు,
ఒక్కో అక్షరం చివర ఊపిరి తీసుకునేంత స్టాప్ బిట్.
పది నిమిషాలు ఎవరూ మాట్లాడకపోతే లైను తెంచెయ్.
స్పీకరు నొక్కెయ్,
అర్ధరాత్రి కీచుమంటే కాపలా మనిషి జడుసుకుంటాడు.

ఫైబర్ వీధి వాకిలి.
ఈ రాగితీగ పెరటి తలుపు.
శనివారం తప్ప మాలకొండ గుడి తెరవనట్టు
గాలివాన రోజు తప్ప దీనికి దర్శనాల్లేవు.

ఒక్కటి మిగిలింది,
ఎన్నో రింగుకు ఎత్తాలో.
మాన్యువల్ ఒకటంది. ఒకటే పెట్టి
ఒంగోలు బస్సెక్కాను.

వారం తిరక్క ముందే ఫోను, మాలకొండయ్య:
"మేడమ్, ఈ గోడలకి సెల్లు పలకదు గదా,
మా ఇంటామె రొయ్యల గుంటల కాణ్ణించి ఈ నంబరుకే చేస్తాది.
ఎవురో కీచుగొంతామె ఎత్తతా ఉండాదంట.
ఎవురామె అని మూడు దినాలుగా
నాకు కూడు పెట్టడం లేదు."

నవ్వాను. అటు నవ్వు లేదు.

నాలుగు చేశాను.
అయినా ఆ కీచుగొంతే గెలిచేది.
తర్వాత తనిఖీకి వెళ్లినప్పుడు చూశాను:
గేటు దగ్గరి స్టూలు నుంచి ఫోను దాకా
ఆయనకు అయిదు రింగుల నడక.
ఎప్పుడో స్తంభం మీంచి పడ్డ ఎడమకాలు
కంకర మీద ఒక గీత గీసుకుంటూ వస్తుంది.
లైన్‌మన్‌గా ఉన్నప్పటి చొక్కానే ఇంకా, ఉతికి ఉతికి తెల్లబడింది.

ఆరు పెట్టాను.
అత్యవసరానికి ఆరు రింగులేందని ఏఈ గారు విసుక్కున్నారు.

కార్తీకంలో వాయుగుండం.
తెట్టు వైపు పిడుగు పడి
రౌటరు దవడ బిగుసుకుపోయింది.
ఒంగోలులో నా తెర మీద కందుకూరు ఒక నల్లటి గడి.
డయల్ చేశాను.
ఒకటి. రెండు.
ఆ కంకర మీద వాన ఎంత పడుతోందో.
మూడు. నాలుగు.
అయిదులో సగం దాకా వెళ్లి,
"నేనే మేడమ్."

దీపాలన్నీ చూసే ఉన్నాడు.
ఎడం పక్క మూడోది ఆరిపోయిందట,
దాని కిందది గుడ్లప్పగించి చూస్తోందట.
మూడో పోర్టు. నాకు కావలసింది అదే,
ఏ లాగ్ ఫైలూ ఇంత తిన్నగా చెప్పలేదు.

"పెట్టేస్తా ఉండా. మళ్లా కొట్టండి.
ఈసారి ఆమెనే ఎత్తనిస్తా."

మళ్లీ కొట్టాను.
ఆరు రింగులూ ఆయన పక్కనే నిలబడి
చెయ్యి కట్టుకుని ఉంటాడు.
ఆరోదానికి ఆ కీచుగొంతు, వెనక ఇసుక రాలినట్టు,
తర్వాత ఒక్కొక్క అక్షరం
తడిగట్టు మీద ముసలమ్మ నడకలా
తెర మీదికి వచ్చింది:
లాగిన్.

రౌటరు లేచాక ఏం మాట్లాడలేదు,
మోడెమ్‌తో ఏం మాట్లాడతాం.
అయినా పది నిమిషాలూ లైను తెంచలేదు.
అదే తెంచుకుంది.

మొన్న ఆడిట్‌కి రిజిస్టరు అడిగారు.
సెట్టింగు: ఆరు. ఉండవలసింది: ఒకటి.
కారణం అనే గడిలో
అప్పుడెప్పుడో నేనే రాసి ఉన్నాను, నీలం సిరాతో:
ఎడమ మోకాలు.